యాడ్-ఆన్‌లో లైబ్రరీ మొండికేస్తే: తప్పు ఎక్కడుందో పట్టుకునే సమగ్ర మార్గదర్శి

మామూలు వెబ్ పేజీలో ఏ గొడవా లేకుండా నడిచే లైబ్రరీ, బ్రౌజర్ యాడ్-ఆన్‌లో పెట్టేసరికి మొండికేస్తుంది. వెంటనే అందరి చెయ్యీ వెర్షన్ నంబర్ మీదికే పోతుంది. ఒకటి తగ్గించి చూస్తారు, ఒకటి పెంచి చూస్తారు, లైబ్రరీలుండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. కొన్నిసార్లు అదే మందు. కానీ యాడ్-ఆన్లలో వచ్చే లైబ్రరీ తగాదాల్లో చాలావరకు వెర్షన్‌వి కావు, చోటువి. లైబ్రరీ రాసినవాళ్లు అనుకున్న చోటు ఒకటి, మీరు దాన్ని నడుపుతున్న చోటు ఇంకొకటి. అందుకే ఈ పద్ధతిలో వెర్షన్ల వంతు చివర్లో వస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా మ్యానిఫెస్ట్ వీ3 గురించి. మ్యానిఫెస్ట్ అంటే యాడ్-ఆన్ వివరాలు రాసే ఫైల్, వీ3 దాని మూడో తరం. క్రోమ్‌లో అది 88వ వెర్షన్‌తోనూ, ఫైర్‌ఫాక్స్‌లో 109తోనూ అందరికీ అందింది. పాత వీ2 యాడ్-ఆన్‌ను దీనిలోకి మారుస్తున్నవాళ్లకు కింది ఇబ్బందులన్నీ ఒకేసారి ఎదురవుతాయి.

1. ముందు చోటు తేల్చండి

ఒకే యాడ్-ఆన్‌లో మీ జావాస్క్రిప్ట్ నాలుగు రకాల చోట్ల నడుస్తుంది.

- బ్యాక్‌గ్రౌండ్: క్రోమ్‌లో ఇది సర్వీస్ వర్కర్, అంటే పేజీ లేకుండా వెనక నడిచే స్క్రిప్ట్. అందులో విండో, డాక్యుమెంట్, లోకల్‌స్టోరేజ్, ఎక్స్‌హెచ్ఆర్ (సర్వర్‌కు రిక్వెస్ట్ పంపే పాత పద్ధతి) ఏవీ ఉండవు. ఫైర్‌ఫాక్స్‌లో ఇదే ఈవెంట్ పేజీ, దానికి డామ్ (పేజీలోని భాగాల చెట్టు) ఉంటుంది.
- యాడ్-ఆన్ సొంత పేజీలు, అంటే పాప్అప్, ఆప్షన్స్, సైడ్ ప్యానెల్: డామ్ మొత్తం ఉంటుంది గానీ, ఏ కోడ్ నడవొచ్చో చెప్పే కంటెంట్ సెక్యూరిటీ పాలసీ (సీఎస్పీ) గట్టిగా కాపలా కాస్తుంది.
- కంటెంట్ స్క్రిప్ట్, అంటే యాడ్-ఆన్ సైట్‌లోకి పంపే స్క్రిప్ట్: దానికి సైట్ డామ్ కనిపిస్తుంది, సైట్ జావాస్క్రిప్ట్ వేరియబుల్స్ కనిపించవు.
- మెయిన్ వరల్డ్‌లోకి ఎక్కించిన స్క్రిప్ట్: సైట్ సొంత కోడ్‌తో కలిసి, దాని నియమాలకే లోబడి నడుస్తుంది.

కన్సోల్ కూడా చోటుకొకటి. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్స్ పేజీ తెరిచి డెవలపర్ మోడ్ పెడితే, యాడ్-ఆన్ కార్డు మీద 'సర్వీస్ వర్కర్' లింకు కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ కన్సోల్ అదే. పాప్అప్‌కైతే దాని మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కాలి. కంటెంట్ స్క్రిప్ట్ లాగ్‌లు సైట్ కన్సోల్‌లోనే పడతాయి, కానీ అక్కడ ఏదైనా టైప్ చేసి పరీక్షించాలంటే పైనున్న డ్రాప్‌డౌన్‌లో 'టాప్' బదులు మీ యాడ్-ఆన్ పేరు ఎంచుకోవాలి. ఇది మరచిపోయి 'లైబ్రరీ లోడే కాలేదు' అని తేల్చేసేవాళ్లు చాలామంది. ఫైర్‌ఫాక్స్‌లో 'అబౌట్ డీబగ్గింగ్' పేజీలో యాడ్-ఆన్ పక్కనున్న ఇన్‌స్పెక్ట్ బటన్ ఈ పని చేస్తుంది.

చోటు తేలాక లైబ్రరీని ఒంటరి చేయండి. బ్యాక్‌గ్రౌండ్ ఫైల్‌లో ఉన్నదంతా పక్కనపెట్టి, ఆ లైబ్రరీని ఇంపోర్ట్ చేసే లైనూ, దాన్ని ఒకసారి పిలిచే లైనూ మాత్రమే ఉంచండి. ఇంకా పగులుతుంటే అదే రెండు లైన్లను మూడు చోట్ల నడిపి చూడండి: మామూలు వెబ్ పేజీలో, మామూలు వెబ్ వర్కర్‌లో, యాడ్-ఆన్ పాప్అప్‌లో. పేజీలో నడిచి వర్కర్‌లో పగిలితే దానికి డామ్ గానీ విండో గానీ కావాలి. రెండింటిలో నడిచి పాప్అప్‌లో పగిలితే అడ్డం పడుతున్నది సెక్యూరిటీ పాలసీ. మూడింటిలోనూ నడిచి సర్వీస్ వర్కర్‌లో మాత్రమే పగిలితే ఎక్స్‌హెచ్ఆర్ మీదో, డైనమిక్ ఇంపోర్ట్ (నడుస్తుండగా కోడ్ తెచ్చుకోవడం) మీదో అనుమానపడాలి. మామూలు వర్కర్‌లో ఆ రెండూ ఉంటాయి, సర్వీస్ వర్కర్‌లో ఉండవు. మామూలు వెబ్ పేజీలోనే పగిలితే ఇక యాడ్-ఆన్‌ను తిట్టుకోనక్కర్లేదు, నేరుగా ఆరో అడుగుకు వెళ్లండి.

2. ఎర్రర్ చదవగలిగేలా చేసుకోండి

కుదించిన బండిల్‌లో (కోడ్ ఫైళ్లన్నీ కలిపి కట్టిన ఫైల్) 'ఒకటో లైను, నలభైవేల అక్షరం దగ్గర తప్పు' అంటే ఎవరికీ అర్థం కాదు. మినిఫై (కోడ్ కుదింపు) ఆపండి, అసలు లైను చూపే సోర్స్ మ్యాప్ పెట్టండి. వెబ్‌ప్యాక్ అనే బండ్లర్ వాడేవాళ్లు ఇక్కడే ఒక గోతిలో పడతారు. డెవలప్‌మెంట్ మోడ్‌లో దాని డిఫాల్ట్ సోర్స్ మ్యాప్ పద్ధతి ఎవాల్ (టెక్స్ట్‌ను కోడ్‌గా నడపడం) ఆధారంగా పనిచేస్తుంది, యాడ్-ఆన్ పాలసీ దాన్ని ఒప్పుకోదు. దాంతో లైబ్రరీలో ఏ దోషమూ లేకపోయినా 'అన్‌సేఫ్-ఎవాల్' ఎర్రర్ వస్తుంది. డెవ్‌టూల్ ఆప్షన్‌ను 'చీప్-మాడ్యూల్-సోర్స్-మ్యాప్' అని మార్చేస్తే సరిపోతుంది. ఎర్రర్ డెవలప్‌మెంట్ బిల్డ్‌లో వచ్చి ప్రొడక్షన్ బిల్డ్‌లో రాకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

క్రోమ్ కొన్నిసార్లు 'సర్వీస్ వర్కర్ రిజిస్ట్రేషన్ ఫెయిల్డ్, స్టేటస్ కోడ్ 15' అని మాత్రం చెప్పి ఊరుకుంటుంది. ఫైల్ పైస్థాయి కోడ్ నడుస్తుండగానే ఏదో పగిలిందని దాని అర్థం. అసలు కారణం కార్డు మీదున్న 'ఎర్రర్స్' బటన్ వెనక దొరుకుతుంది. అక్కడా లేకపోతే ఇంపోర్ట్‌లను సగం సగం తీసేస్తూ పోవాలి. ముప్ఫై రెండు ఇంపోర్ట్‌లున్నా ఐదు విడతల్లో దోషి దొరుకుతుంది.

3. సర్వీస్ వర్కర్: ఎక్కువ కాలం తినేది ఇదే

'డాక్యుమెంట్ ఈజ్ నాట్ డిఫైన్డ్', 'విండో ఈజ్ నాట్ డిఫైన్డ్' అన్న రెండు ఎర్రర్లలో ఏది వచ్చినా, వెంటనే లైబ్రరీని నిందించకుండా స్టాక్‌లో (ఎర్రర్ కింద వచ్చే పిలుపుల జాబితా) ఆ లైను ఎవరిదో చూడండి. చాలాసార్లు అది లైబ్రరీది కాదు, బండ్లర్‌ది. వీట్ అనే బండ్లర్ డైనమిక్ ఇంపోర్ట్‌ల కోసం ప్రీలోడ్ అనే చిన్న సహాయక ఫంక్షన్‌ను తనంతట తాను చేరుస్తుంది, అది డాక్యుమెంట్‌ను వెతుకుతుంది. వెబ్‌ప్యాక్ కూడా కోడ్‌ను ముక్కలు చేసినప్పుడు ఆ ముక్కలను స్క్రిప్ట్ ట్యాగ్ ద్వారా తెప్పించాలని చూస్తుంది. మందు బండ్లర్ సెట్టింగుల్లోనే ఉంది. సర్వీస్ వర్కర్‌కు విడిగా బిల్డ్ పెట్టండి, వెబ్‌ప్యాక్‌లో టార్గెట్‌ను 'వెబ్‌వర్కర్' చేయండి, వీట్‌లోనైతే డైనమిక్ ఇంపోర్ట్‌లను ఒకే ఫైల్‌లోకి కలిపేయమనండి. సర్వీస్ వర్కర్‌లో డైనమిక్ ఇంపోర్ట్‌ను హెచ్‌టీఎంఎల్ ప్రమాణమే నిషేధించింది కాబట్టి ముక్కలు చేసి లాభం ఎలాగూ లేదు.

లైను నిజంగా లైబ్రరీదే అయితే అది విండో ఉందా లేదా అని చూసుకుంటోందేమో గమనించండి. 'విండో లేదు, కాబట్టి ఇది నోడ్' (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) అని తీర్మానించుకునే లైబ్రరీలు కొల్లలు. అక్కడినుంచి అవి నోడ్‌లో ఉండే ప్రాసెస్ కోసమో, బఫర్ కోసమో వెతికి కొత్త ఎర్రర్ ఇస్తాయి. మీకు కనిపించేది ఆ రెండో ఎర్రరే.

రిక్వెస్ట్‌లు పంపే లైబ్రరీ ఆక్సియోస్ పాత వెర్షన్ల ఉదాహరణ తీసుకుందాం. బ్యాక్‌గ్రౌండ్‌లో దానితో రిక్వెస్ట్ పంపితే 'రిక్వెస్ట్ పంపడానికి తగిన అడాప్టర్ లేదు. ఎక్స్‌హెచ్ఆర్ అడాప్టర్‌కు ఈ పరిసరంలో మద్దతు లేదు. హెచ్‌టీటీపీ అడాప్టర్ ఈ బిల్డ్‌లో లేదు' అన్న అర్థంలో ఎర్రర్ వస్తుంది. ముక్క ముక్కగా చదివితే కథంతా అందులోనే ఉంది. మొదటి అడాప్టర్ బ్రౌజర్ పేజీ కోసం, దానికి ఎక్స్‌హెచ్ఆర్ కావాలి, సర్వీస్ వర్కర్‌లో అది లేదు. రెండోది నోడ్ కోసం, బ్రౌజర్ బిల్డ్‌లో దాన్ని తీసేశారు. మూడో దారి లేదు. 1.7 వెర్షన్ నుంచి ఫెచ్ (రిక్వెస్ట్ పంపే కొత్త పద్ధతి) అడాప్టర్ చేరింది కాబట్టి అప్‌గ్రేడ్ చేస్తే ఇది పోతుంది, అడాప్టర్ ఆప్షన్‌లో ఫెచ్ అని స్పష్టంగా ఇస్తే ఇంకా నిక్కచ్చి. నాలుగైదు రిక్వెస్ట్‌ల కోసమే అయితే లైబ్రరీ తీసేసి నేరుగా ఫెచ్ రాసుకోవడం మేలు.

గట్టిగా అరిచే ఎర్రర్ కన్నా నోరు మెదపనిది ప్రమాదం. యాప్ స్థితిని దాచే రెడక్స్-పర్సిస్ట్ లైబ్రరీకి లోకల్‌స్టోరేజ్ దొరక్కపోతే కన్సోల్‌లో ఒక్క హెచ్చరిక పడేసి, ఏమీ దాచని ఉత్తుత్తి స్టోరేజ్‌కు మారిపోతుంది. యాప్ నడుస్తూనే ఉంటుంది, డేటా మాత్రం మిగలదు. ఇలాంటి లైబ్రరీలకు బ్రౌజర్ స్టోరేజ్ ఏపీఐతో పనిచేసే ఇంజన్‌ను మీరే ఇవ్వాలి.

డామ్ తప్పదంటే, ఉదాహరణకు హెచ్‌టీఎంఎల్‌ను విడదీయడానికి డామ్‌పార్సర్ కావాలంటే, క్రోమ్ 109 నుంచి ఆఫ్‌స్క్రీన్ డాక్యుమెంట్ ఉంది. యాడ్-ఆన్‌కు ఒక్కటే తెరవొచ్చు. అందులో ఎక్స్‌టెన్షన్ ఏపీఐల్లో రన్‌టైమ్ ఒక్కటే దొరుకుతుంది కాబట్టి మిగతా పనులు మెసేజ్‌ల ద్వారా నడపాలి. 'సెల్ఫ్‌నే విండో అనుకో' అంటూ ఒక లైను రాసి గట్టెక్కే చిట్కా కూడా ప్రచారంలో ఉంది. పరీక్ష కోసమైతే పర్వాలేదు. రిలీజ్‌లో మాత్రం వద్దు. విండో ఉందని నమ్మిన లైబ్రరీ తర్వాతెప్పుడో డాక్యుమెంట్‌ను అడిగి, యూజర్ చేతిలో ఉండగా పగులుతుంది.

ఇక ఆయుష్షు సంగతి. 30 సెకన్లు పని లేకపోతే క్రోమ్ సర్వీస్ వర్కర్‌ను ఆపేస్తుంది. మెమరీలో దాచే క్యాష్ లైబ్రరీలు, టైమర్ల మీద బతికే క్యూ లైబ్రరీలు అన్నీ అప్పుడు ఖాళీ చేతులతో మిగులుతాయి. ఈ బగ్ మీ దగ్గర కనిపించకపోవడానికి కారణం ఉంది: డెవ్‌టూల్స్ తెరిచి ఉన్నంతసేపూ వర్కర్ ఆగదు. కాబట్టి డెవ్‌టూల్స్ మూసేసి, కార్డు మీద వర్కర్ పక్కన 'ఇన్‌యాక్టివ్' అని వచ్చేదాకా ఆగి, అప్పుడు యాడ్-ఆన్‌ను వాడి చూడండి. లాగ్‌లను కన్సోల్‌కు కాకుండా స్టోరేజ్‌లోకి రాస్తే తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్ ఈవెంట్ పేజీ కూడా ఇలాగే నిద్రపోతుంది. దాన్ని కావాలని ఆపే బటన్ అబౌట్ డీబగ్గింగ్‌లోనే ఉంది. పదేపదే చేయాల్సిన పనుల్ని అలారమ్స్ ఏపీఐకి అప్పగించాలి. క్రోమ్ 120 నుంచి అలారం కనీస వ్యవధి 30 సెకన్లు.

ఇంకొకటి. ఈవెంట్ లిజనర్లన్నీ ఫైల్ పైస్థాయిలో, ఏ అవెయిట్ వెనకా దాక్కోకుండా నమోదు కావాలి. లైబ్రరీ ఇనిషియలైజ్ అయ్యాక లిజనర్ పెడదామనుకుంటే, వర్కర్‌ను నిద్రలేపిన ఆ మొదటి ఈవెంటే చేజారుతుంది. లిజనర్‌ను ముందు పెట్టి, ఇనిషియలైజేషన్ ప్రామిస్ కోసం దాని లోపల ఎదురుచూడండి.

4. సెక్యూరిటీ పాలసీ: ఎవాల్, వాస్మ్, బయటి కోడ్

వీ3 పేజీల్లో ఎవాల్, న్యూ ఫంక్షన్ రెండూ నిషిద్ధం. మ్యానిఫెస్ట్‌లో 'అన్‌సేఫ్-ఎవాల్' చేర్చి తప్పించుకుందామంటే క్రోమ్ యాడ్-ఆన్‌ను లోడే చేయదు. శుభ్రమైన దారి ఇది: నడిచేటప్పుడు కోడ్ తయారుచేసే లైబ్రరీకి, బిల్డ్ సమయంలోనే తయారుచేసుకునే రూపం వెతకాలి. చాలావాటికి ఆ రూపం సిద్ధంగానే ఉంది. వ్యూకి రన్‌టైమ్-ఓన్లీ బిల్డ్, హ్యాండిల్‌బార్స్‌కు ప్రీకంపైల్ చేసిన టెంప్లేట్లతో రన్‌టైమ్ బిల్డ్, ఏజేవీకి స్టాండలోన్ మోడ్, ఆల్పైన్‌కు సీఎస్పీ బిల్డ్. లోడాష్‌లో టెంప్లేట్ ఫంక్షన్ ఒక్కటే ఈ గొడవ తెస్తుంది, మిగతావి నిక్షేపంలా నడుస్తాయి.

అన్ని హెచ్చరికలూ పట్టించుకోవాల్సినవి కావు. జోడ్ 4వ వెర్షన్ ఎవాల్ కుదురుతుందో లేదో ఒకసారి తట్టి చూసి, కుదరకపోతే మామూలు దారిలో వెళ్తుంది. పని ఆగదు, ఎర్రర్స్ జాబితాలో మాత్రం ఒక లైను పడుతుంది. కాన్ఫిగ్‌లో 'జిట్‌లెస్' ఆప్షన్ ఆన్ చేస్తే ఆ లైనూ పోతుంది.

వాస్మ్ (వెబ్‌అసెంబ్లీ, బ్రౌజర్‌లో నడిచే కంపైల్ చేసిన కోడ్) వాడే లైబ్రరీలకు 'వాస్మ్-అన్‌సేఫ్-ఎవాల్' అన్న విలువను పాలసీలో చేర్చాలి, దీనికి అనుమతి ఉంది. అక్కడితో అయిపోదు. బొమ్మలోంచి అక్షరాలు చదివే టెసరాక్ట్ జేఎస్ లాంటివి తమ వర్కర్‌నూ, వాస్మ్ ఫైల్‌నూ, భాషా డేటానూ మామూలుగా సీడీఎన్ (ఫైళ్లు పంచే బయటి సర్వర్) నుంచి తెచ్చుకుంటాయి. వర్కర్, కోర్ ఫైళ్లను యాడ్-ఆన్ ప్యాకేజీలోనే పెట్టాలి, భాషా డేటానూ అక్కడే ఉంచడం మేలు. వాటి చిరునామాలు రన్‌టైమ్ గెట్‌యూఆర్ఎల్‌తో తయారుచేసి వర్కర్‌పాత్, కోర్‌పాత్, లాంగ్‌పాత్ ఆప్షన్లలో ఇవ్వాలి. వర్కర్‌బ్లాబ్‌యూఆర్ఎల్‌ను ఆఫ్ చేయాలి, ఎందుకంటే బ్లాబ్ చిరునామా (మెమరీలోని డేటాకు ఇచ్చేది) నుంచి వర్కర్ నడపడానికి పాలసీ ఒప్పుకోదు.

బయటి నుంచి స్క్రిప్ట్ తెచ్చుకునే లైబ్రరీ మీ మెషీన్‌లో బాగానే నడుస్తున్నట్టు కనిపించి, స్టోర్ రివ్యూలో తిరస్కరణ తెచ్చిపెట్టొచ్చు. ఆ స్క్రిప్ట్‌ను తెచ్చే భాగాన్ని మీరు ఎన్నడూ వాడకపోయినా, బండిల్‌లో ఆ చిరునామా ఉంటే రివ్యూలో పట్టుబడొచ్చు. ఫైర్‌బేస్ ఆథ్‌కు ఇందుకోసమే 'వెబ్-ఎక్స్‌టెన్షన్' అనే విడి ఎంట్రీ ఉంది, ఇంపోర్ట్ దాని నుంచి చేయండి. బిల్డ్ అయ్యాక ఫోల్డర్ మొత్తంలో సీడీఎన్ చిరునామాల కోసం ఒకసారి వెతకడం అలవాటు చేసుకోవాలి.

5. కంటెంట్ స్క్రిప్ట్‌లో వచ్చేవి

సైట్‌లో జేక్వెరీ ఉందికదా, దాన్నే వాడుకుందామంటే కుదరదు. మీ స్క్రిప్ట్‌కు దాని సొంత ప్రతి కావాలి. మ్యానిఫెస్ట్‌లో నమోదు చేసిన కంటెంట్ స్క్రిప్ట్ మాడ్యూల్‌గా నడవదు. ఇంపోర్ట్ లైను ఉంటే సింటాక్స్ ఎర్రరే. బండ్లర్‌కు అవుట్‌పుట్ ఫార్మాట్ 'ఐఫ్ఫీ' (తనంతట తాను నడిచే ఒకే ఫంక్షన్) అని చెప్పి ఒకే ఫైల్‌గా కట్టండి.

లిట్ వంటి వెబ్ కాంపొనెంట్ లైబ్రరీలు క్రోమ్ కంటెంట్ స్క్రిప్ట్‌లో 'నల్ నుంచి డిఫైన్ చదవలేను' అంటూ పడిపోతాయి. ఐసొలేటెడ్ వరల్డ్‌లో, అంటే సైట్ కోడ్‌కు వేరుగా కంటెంట్ స్క్రిప్ట్ నడిచే చోట, కస్టమ్‌ఎలిమెంట్స్ విలువ నల్ కావడమే కారణం. కస్టమ్ ఎలిమెంట్స్ పాలీఫిల్ (లేని ఫీచర్‌ను పూరించే కోడ్) జోడించాలి, లేదా ఆ భాగాన్ని ఐఫ్రేమ్‌లో యాడ్-ఆన్ సొంత పేజీగా చూపించాలి. రెండోదే శుభ్రమైన దారి.

జనం తల బాదుకునే ఎర్రర్ ఇంకొకటుంది: ఫైల్ యూటీఎఫ్-8లోనే ఉన్నా, క్రోమ్ 'ఇది యూటీఎఫ్-8 కాదు' అంటుంది. ఎడిటర్ ఎన్‌కోడింగ్‌ను ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. లైబ్రరీలో ఎస్కేప్ రూపంలో రాసిన యూనికోడ్ నాన్-క్యారెక్టర్లను మినిఫయర్ అసలు బైట్లుగా మార్చేయడం దీనికి కారణం. టెర్సర్ అనే మినిఫయర్ అవుట్‌పుట్ సెట్టింగుల్లో 'ఆస్కీ ఓన్లీ' ఆన్ చేయండి, తీరిపోతుంది.

మెయిన్ వరల్డ్‌లో నడిపే లైబ్రరీకి వేరే తంటా. సైట్ మాడ్యూళ్లను లోడ్ చేసే రిక్వైర్‌జేఎస్ వాడుతుంటే, యూఎండీ రూపంలో (ఏ మాడ్యూల్ పద్ధతిలోనైనా నడిచేది) ఉన్న మీ లైబ్రరీ దాని డిఫైన్ ఫంక్షన్‌ను చూసి, గ్లోబల్‌గా కనిపించకుండా దానిలోకి వెళ్లి నమోదవుతుంది. మీకు లైబ్రరీ దొరకదు, సైట్‌లో 'మిస్‌మ్యాచ్డ్ అనానిమస్ డిఫైన్' అని ఎర్రర్ వస్తుంది. ఇక్కడా ఐఫ్ఫీ బండిలే గతి.

స్టైల్స్ గురించి క్లుప్తంగా: అన్నీ షాడో డామ్ (సైట్ స్టైల్స్ తాకని విడి డామ్) లోపల పెట్టండి, రెమ్ కొలతలు వాడకండి, ఎందుకంటే రెమ్ సైట్ మూల ఫాంట్ సైజును బట్టి మారుతుంది. రియాక్ట్ అయితే 17 లేదా ఆపైది ఉండాలి. అంతకుముందువి ఈవెంట్లను డాక్యుమెంట్‌కు తగిలిస్తాయి కాబట్టి షాడో డామ్‌లో క్లిక్‌లు తప్పిపోతాయి.

క్రోమ్‌లో ఒకలా, ఫైర్‌ఫాక్స్‌లో ఒకలా

ఒక బ్రౌజర్‌లో నడిచి రెండోదానిలో పగిలితే మొదట మెసేజ్‌లను చూడండి. క్రోమ్ డిఫాల్ట్‌గా మెసేజ్‌ను జేసన్‌గా మార్చి పంపుతుంది. ఫైర్‌ఫాక్స్ స్ట్రక్చర్డ్ క్లోన్ (మ్యాప్, సెట్ వంటివాటినీ అలాగే నకలు తీసే పద్ధతి) వాడుతుంది. లైబ్రరీ తిరిగిచ్చిన మ్యాప్‌ను గానీ సెట్‌ను గానీ అలాగే పంపితే ఫైర్‌ఫాక్స్‌లో నిండుగా చేరుతుంది, క్రోమ్‌లో ఖాళీ ఆబ్జెక్ట్‌గా చేరుతుంది. ఎర్రర్ ఏదీ రాదు. పంపే ముందే అర్రేగా మార్చండి.

జవాబు తర్వాత ఇచ్చే లిజనర్ల విషయంలో, రెండు చోట్లా పనిచేసే పాత పద్ధతి ట్రూ తిరిగిచ్చి, సెండ్‌రెస్పాన్స్‌ను పిలవడం. లిజనర్‌ను అసింక్‌గా రాసి ప్రామిస్ తిరిగిస్తే ఫైర్‌ఫాక్స్‌లో నడిచిన కోడ్‌కు క్రోమ్‌లో జవాబు రాకపోవచ్చు. మొజిల్లా వారి వెబ్‌ఎక్స్‌టెన్షన్ పాలీఫిల్ వాడితే ఈ తేడా కనిపించదు. అయితే దాన్ని ప్రతి చోటా విడివిడిగా లోడ్ చేయాలి. యూనిట్ టెస్టుల్లో అది 'నన్ను ఎక్స్‌టెన్షన్‌లోనే లోడ్ చేయాలి' అని మొరాయిస్తుంది, అక్కడ దాని బదులు నకిలీ మాడ్యూల్ పెట్టుకోవాలి.

బ్యాక్‌గ్రౌండ్‌కు ఒకే మ్యానిఫెస్ట్ వాడాలంటే సర్వీస్‌వర్కర్, స్క్రిప్ట్స్ కీలు రెండూ రాయవచ్చు. క్రోమ్ 121కి ముందు స్క్రిప్ట్స్ కీ ఉంటే యాడ్-ఆన్ లోడయ్యేది కాదు. ఫైర్‌ఫాక్స్ కూడా 121 నుంచే రెండూ ఉన్నా సరిగ్గా నడుపుతోంది. కనీస వెర్షన్లను మ్యానిఫెస్ట్‌లో అలాగే పెట్టండి.

6. ఇప్పుడు వెర్షన్లు

చోటు, పాలసీ రెండూ తేలాక కూడా తగువు తీరకపోతే డిపెండెన్సీల (లైబ్రరీలు ఆధారపడే లైబ్రరీల) చెట్టు విప్పాలి. 'ఎన్‌పీఎం ఎల్ఎస్' తర్వాత లైబ్రరీ పేరిస్తే ఎన్ని ప్రతులున్నాయో చూపిస్తుంది, 'ఎన్‌పీఎం ఎక్స్‌ప్లెయిన్' ఒక్కో ప్రతిని ఎవరు తెచ్చారో చెబుతుంది. రియాక్ట్ 'ఇన్‌వాలిడ్ హుక్ కాల్' అంటే అనుమానించాల్సిన వాటిలో రెండు ప్రతులు ఉండటం ఒకటి. ముందు 'ఎన్‌పీఎం డీడూప్' నడపండి. లొంగకపోతే ప్యాకేజ్ జేసన్‌లో ఓవర్‌రైడ్స్ కింద ఒకే వెర్షన్‌ను బిగించండి. యార్న్‌లో దీన్నే రిజల్యూషన్స్ అంటారు. వెర్షన్లు పొసగనప్పుడు వచ్చే 'ఈరిజాల్వ్' ఎర్రర్‌కు 'లెగసీ పీర్ డెప్స్' ఫ్లాగ్ వేసి ముందుకెళ్లిపోవడం చెత్తను చాప కిందికి తోయడమే, అదే చెత్త మళ్లీ రన్‌టైమ్‌లో బయటపడుతుంది.

'క్రిప్టో దొరకలేదు', 'బఫర్ ఈజ్ నాట్ డిఫైన్డ్' లాంటివి వెబ్‌ప్యాక్ 5కు మారినప్పుడు వస్తాయి. 4 వరకు నోడ్ పాలీఫిల్స్ తనే చేర్చేది, 5 మానేసింది. రిజాల్వ్ ఫాల్‌బ్యాక్‌లో పాలీఫిల్ పేరు ఇవ్వొచ్చు. అంతకంటే ముందు ఆ లైబ్రరీ ప్యాకేజ్ జేసన్‌లో ఎక్స్‌పోర్ట్స్ భాగం తెరిచి చూడండి. అక్కడ బ్రౌజర్, వర్కర్, నోడ్ అని విడివిడి దారులుంటే మీ బండ్లర్ తప్పు దారి పట్టి ఉండొచ్చు. కండిషన్ నేమ్స్ సరిచేస్తే పాలీఫిల్ అవసరమే పడదు, బండిల్ బరువూ తగ్గుతుంది.

నిన్నటిదాకా నడిచి ఇవాళ ఆగితే, లాక్ ఫైల్ (ఏ లైబ్రరీది ఏ వెర్షనో రాసి ఉంచేది) తేడా చూడండి. ఏ మార్పు చెడగొట్టిందో సగం సగం చేసి వెతికే 'గిట్ బైసెక్ట్' నడుపుతూ, ప్రతి మజిలీలో లాక్ ఫైల్ ప్రకారమే ఇన్‌స్టాల్ చేసే 'ఎన్‌పీఎం సీఐ' వాడండి. మామూలు ఇన్‌స్టాల్ లాక్ ఫైల్‌ను మార్చేసే వీలుంది, అప్పుడు మీరు పరీక్షిస్తున్నది పాత స్థితి కాదు.

ప్యాక్ చేసే ముందు

పరీక్ష డెవలప్‌మెంట్ ఫోల్డర్ మీద కాకుండా, తయారైన జిప్‌ను కొత్త ప్రొఫైల్‌లో విప్పి చేయండి. రోలప్, వీట్ కొన్నిసార్లు అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫైళ్లు తయారుచేస్తాయి. అవి మూల ఫోల్డర్‌లో పడితే క్రోమ్ 'ఇలాంటి పేర్లు సిస్టమ్‌కు కేటాయించినవి' అంటూ లోడ్ చేయడానికి ఒప్పుకోదు. అవుట్‌పుట్ పేర్ల నమూనా మార్చాలి. ఫైర్‌ఫాక్స్ కోసం 'వెబ్-ఎక్స్‌ట్ లింట్' నడిపితే ఎవాల్ వాడకం, మద్దతు లేని ఏపీఐలు ముందే బయటపడతాయి. బండిల్ చేసిన కోడ్‌కు మొజిల్లా మూల కోడ్ కూడా అడుగుతుంది కాబట్టి లాక్ ఫైల్, నోడ్ వెర్షన్, బిల్డ్ కమాండ్ మూడూ రీడ్‌మీలో ఉండాలి. నోడ్ మాడ్యూల్స్ లోపల చేత్తో దిద్దిన లైబ్రరీ ఏదైనా ఉంటే ఆ దిద్దుబాటు అక్కడ నిలవదు, ప్యాచ్ ఫైల్‌గా రాసి బిల్డ్‌లో భాగం చేయండి.